వుడ్ డక్‌కి గూటి పెట్టె: కట్టడం తేలిక, పెట్టడమే కష్టం

అమెరికాలో చెరువు పక్కన ఇల్లున్న మనవాళ్లు చాలామంది, నీళ్లలో నాటిన ఇనుప గొట్టం మీద ఒక చెక్క పెట్టెని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ముందు పలకలో కోలగా కోసిన కన్నం, పైన ముందుకు వాలిన మూత. వుడ్ డక్ అనే బాతు గుడ్లు పెట్టుకోవడానికి ఎవరో కట్టిన గూడు అది. పెట్టె పెడితే బాతుకు మేలు జరుగుతుందని అందరూ అనుకుంటారు. ఆ మాటలో నిజం సగమే ఉంది. తగిన చోట, తగిన కాపలాతో పెట్టిన పెట్టె నుంచి ఏడాదికి పదీ పన్నెండు పిల్లలు నీళ్లలోకి దిగొచ్చు. ఆ కాపలా లేని పెట్టె మాత్రం, చెట్లెక్కి గుడ్లు తినే రకూన్ అనే జంతువుకి భోజనం ఎక్కడ దొరుకుతుందో చూపించే హోటల్ బోర్డు. అంతకంటే విచిత్రం ఏమిటంటే, ఒకే చెరువులో పెట్టెలు మరీ ఎక్కువైతే పైకొచ్చే పిల్లలు పెరగకపోగా తగ్గిపోవచ్చు. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ పక్షి సంగతి తెలియాలి.

మగ వుడ్ డక్‌ని ఒకసారి చూశాక మర్చిపోవడం కష్టం. ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మెరిసే తల, వెనక్కి దువ్వినట్టున్న జుట్టు, ఎర్రటి కన్ను, ముదురు రొమ్ము మీద సన్నటి తెల్ల చుక్కలు. ఆడది బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, కంటి చుట్టూ తెల్లటి పట్టీతో. చైనా, జపాన్ బొమ్మల్లో కనిపించే మాండరిన్ బాతు దీనికి దగ్గరి చుట్టం. ఆ ప్రజాతిలో ఇప్పుడు బతికున్నవి ఈ రెండే. వుడ్ డక్ ఎక్కువగా ఉండేది అమెరికా తూర్పు సగంలో, దక్షిణ కెనడాలో, పసిఫిక్ తీరం వెంబడి. అడవిలో నీళ్లు నిలిచే చోట్లు, బీవర్ అనే జంతువులు కట్టిన మడుగులు, నెమ్మదిగా పారే ఏటి పాయలు దానికి ఇష్టమైన తావులు.

చాలా బాతుల్లా ఇది నేల మీద గడ్డిలో గుడ్లు పెట్టదు, చెట్టు తొర్ర వెతుక్కుంటుంది. వడ్రంగి పిట్టలా తొర్ర తొలుచుకునే ముక్కు మాత్రం దానికి లేదు. కొమ్మ విరిగిన చోట పుచ్చి ఏర్పడిన తొర్రో, పెద్ద వడ్రంగి పిట్ట వదిలేసిన కన్నమో దొరకాలి. లోపల బాతు కూర్చుని తిరిగేంత చోటుండాలంటే చెట్టు లావుగా, ముసలిదిగా ఉండాలి. అలాంటి చెట్టు తయారవడానికి మనిషి జీవితకాలం పట్టొచ్చు, కొట్టెయ్యడానికి ఒక పూట చాలు.

పెట్టె కట్టేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. ఈ బాతు గూటిలోకి పుల్ల గానీ గడ్డి గానీ మోసుకురాదు. తొర్ర అడుగున పుచ్చు చెక్క పొడి ఏముంటే దాని మీదే గుడ్లు పెడుతుంది. తర్వాత తన రొమ్ము మీది నూగు పీకి గుడ్లకు కప్పుతుంది. ఖాళీ పెట్టె వేలాడదీసి, గడ్డి అదే తెచ్చుకుంటుందిలే అనుకుంటే ఆడపిట్ట వచ్చి చూసి వెళ్లిపోతుంది.

చట్టం ముందు, పెట్టె తర్వాత

వుడ్ డక్‌ని పెట్టెలే కాపాడాయని తరచూ వింటుంటాం. తారీఖులు వరసగా పేర్చి చూస్తే ఆ కథ అలా నిలబడదు.

19వ శతాబ్దం చివరికి ఈ పక్షికి అన్ని వైపులా దెబ్బలు తగిలాయి. మాంసం కోసం ఏడాది పొడుగునా, గుడ్లు పెట్టే వసంతంలో కూడా, కాల్చేవాళ్లు. ఆ మెరిసే ఈకలు టోపీలకీ, చేపల గాలాలకు కట్టే ఎరలకీ పోయేవి. ఏటి ఒడ్డు అడవుల్ని కలప కోసం నరికేశారు, చిత్తడి నేలల్ని ఎండగట్టి పొలాలు చేశారు. మడుగులు కట్టే బీవర్లను అంతకు ముందే బొచ్చు కోసం ఊడ్చిపెట్టేశారు. 20వ శతాబ్దం మొదలయ్యే నాటికి ఇక ఈ బాతు మిగలదని చాలామంది ప్రకృతి పరిశీలకులు తీర్మానించేశారు.

1916లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్, వలస పక్షుల మీద ఒప్పందం చేసుకున్నాయి. అందులో వుడ్ డక్ పేరు విడిగా ఉంది: కనీసం 5 ఏళ్లు వేట నిషేధించడమో, మరో రకంగా ప్రత్యేక రక్షణ ఇవ్వడమో జరగాలి. దాన్ని అమలు చెయ్యడానికి 1918లో వలస పక్షుల ఒప్పంద చట్టం వచ్చింది. అప్పుడు ఆగిన వుడ్ డక్ వేట అమెరికాలో మళ్లీ 1941 దాకా మొదలవలేదు.

పెట్టెలు పెద్ద ఎత్తున వచ్చింది 1930ల చివర్లో. 1937లో ఇల్లినాయ్‌లోని చటాక్వా వన్యప్రాణి ఆశ్రయంలో ప్రభుత్వ సిబ్బంది వందల పెట్టెలు పెట్టారు. రెండేళ్లకు ఇల్లినాయ్ నేచురల్ హిస్టరీ సర్వే తరఫున ఫ్రాంక్ బెల్‌రోజ్, ఆర్థర్ హాకిన్స్ మరిన్ని పెట్టి, ఏ పెట్టెలో ఏం జరుగుతోందో లెక్కలు రాయడం మొదలుపెట్టారు. బెల్‌రోజ్ ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే పని మీద ఉన్నాడు. ఈ బాతు గురించి ఇవాళ మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఆయన చలవే.

అంటే వేట ఆగిన 20 ఏళ్లకు గానీ పెట్టెలు రాలేదు. ఈలోగా పక్షులు పుంజుకున్నాయి. వదిలేసిన పొలాల్లో అడవి తిరిగి పెరిగింది, బీవర్లూ మెల్లగా తిరిగొచ్చాయి. ఈనాటికీ ఎక్కువ వుడ్ డక్ పిల్లలు పుట్టేది చెట్టు తొర్రల్లోనే. మొత్తం సంఖ్యలో పెట్టెల వాటా చిన్నది. అలాగని పెట్టె దండగని కాదు. కొత్తగా తవ్విన చెరువులు, కొత్తగా లేచిన కాలనీలు, చుట్టూ పాతికేళ్ల వయసు కూడా లేని చెట్లు ఉన్నచోట తొర్ర దొరకదు. అలాంటి చోట పెట్టె నిజంగా ఉపయోగపడుతుంది. ముసలి చెట్లు దండిగా ఉన్న అడవి అంచున పెట్టె పెట్టడం కన్నా, ఎండిన చెట్టుని కొట్టకుండా వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

ఇందులో ఓ తమాషా ఉంది. ఇవాళ పెట్టెలు కట్టి, గొట్టాలు పాతి, ఏటా శుభ్రం చేసేవాళ్లలో వేటగాళ్లు చాలామంది. రోజుకు ఇన్ని పక్షులే అన్న పరిమితితో వుడ్ డక్ వేట ఇప్పుడు చట్టబద్ధం. వేటంటే పడనివాళ్లకి ఇది మింగుడుపడదు గానీ, చలిలో బురదలో దిగి పనిచేస్తున్నది ఎవరో చూస్తే కాదనలేం.

ఒక పలక, ఆరు ముక్కలు

పెట్టె విషయానికొద్దాం. అంగుళం మందం, 12 అంగుళాల వెడల్పు, 12 అడుగుల పొడుగున్న ఒకే పలకలోంచి మొత్తం పెట్టె వచ్చేస్తుంది. ముందు పలక, రెండు పక్క పలకలు 24 అంగుళాల చొప్పున. వెనక పలక ఇంకో 8 అంగుళాలు పొడుగు, గొట్టానికి బిగించడానికి. మిగిలిన దాంట్లో అడుగు చెక్కా, మూతా. సెడార్ గానీ సైప్రస్ గానీ అయితే రంగూ మందూ లేకుండానే ఏళ్ల తరబడి వానకు ఆగుతుంది. చిత్రిక పట్టి నున్నగా చేసిన పలక కన్నా గరుకు పలకే కావాలి, గరుకు వైపు లోపలికి రావాలి. ఎందుకో పిల్లలు బయటికొచ్చే ఘట్టంలో తెలుస్తుంది. రసాయనాలు ఎక్కించిన కలప వాడొద్దు, లోపల రంగు వెయ్యొద్దు. రేకు పెట్టెలు, ప్లాస్టిక్ పెట్టెలు కూడా అమ్ముతారు. దక్షిణాది రాష్ట్రాల ఎండలో అవి లోపల కాగిపోయి గుడ్లు చెడిపోతాయి. చెక్కకి సాటి లేదు.

కన్నం 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు, అడ్డంగా కోలగా ఉండాలి. ఈ ఆకారం కొయ్యడానికి తేలిక దారి ఒకటుంది. గుండ్రంగా కన్నం కోసే 3 అంగుళాల రంపం (హోల్ సా) తీసుకుని, రెండు కేంద్రాల మధ్య అంగుళం దూరం ఉండేలా పక్కపక్కన రెండు గుండ్రాలు కొయ్యాలి. రెండూ కలిసి సరిగ్గా 4 బై 3 అవుతాయి. పైనా కిందా మిగిలిన చిన్న మొనల్ని ఆకురాయితో అరగదీస్తే సరి. ఆడ బాతు ఇందులోంచి దూరుతుంది, బాగా ఎదిగిన రకూన్ దూరలేదు. చిన్న రకూన్ దూరుతుంది, పెద్దది చెయ్యి పెట్టి తడుముతుంది. అందుకే కన్నం అడుగు నుంచి 17-19 అంగుళాల ఎత్తున ఉండాలి. కన్నం ఒక్కటే కాపలా కాదన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు.

అడుగు చెక్కకి అర అంగుళం లోపు కన్నాలు నాలుగైదు పెడితే వాన నీరు దిగిపోతుంది. ఆ చెక్కని పక్క పలకల అంచు కన్నా కొంచెం పైకి బిగిస్తే తడి పీల్చదు. మూత ముందుకు నాలుగంగుళాలైనా చూరులా రావాలి. పక్క పలకల్లో ఒకదాన్ని తలుపుగా చేసుకోవాలి. పై భాగంలో అటొక స్క్రూ, ఇటొక స్క్రూ దించితే వాటి మీదే తిరుగుతుంది, మడతబందుల అవసరం కూడా లేదు. కింద మాత్రం ఉత్త కొక్కెం పెట్టొద్దు. రకూన్ వేళ్లు చాలా చురుకైనవి. స్క్రూ బిగించెయ్యడమే మంచిది.

లోపలి వైపు, కన్నం కింద నుంచి అడుగు దాకా పిల్లలు ఎక్కడానికి మెట్లు కావాలి. చాలామంది సన్న గళ్ల ఇనుప జాలీ ముక్క కొడతారు. అంచులు మడిచి, గట్టిగా కొడితే పనికొస్తుంది. ఏళ్లు గడిచాక అది ఊడి, వెనక పిల్లలు ఇరుక్కునే ప్రమాదం ఉంది. పలక బిగించకముందే రంపంతో అంగుళానికొకటి చొప్పున అడ్డంగా గాట్లు పెట్టుకుంటే ఆ బెంగ ఉండదు. నా ఓటు గాట్లకే.

చివరగా అడుగున నాలుగంగుళాల మందాన చిత్రిక పొట్టు వెయ్యాలి. పెంపుడు జంతువుల షాపుల్లో సంచుల్లో దొరికే పైన్ షేవింగ్స్ చాలు. రంపపు పొట్టు మాత్రం వద్దు. తడిస్తే ముద్దకట్టి నీళ్లు పట్టుకుంటుంది, పొడిగా ఉంటే అప్పుడే పుట్టిన పిల్లల ముక్కుల్లోకి పోతుంది.

ఎక్కడ, దేని మీద

చేతి పని బాగా వచ్చినవాళ్లు కూడా తప్పటడుగు వేసేది ఇక్కడే. పెట్టె అందంగా కట్టి, చెరువు గట్టు మీద చెట్టుకు మేకులతో కొట్టేస్తారు. చూడ్డానికి సహజంగానే ఉంటుంది. కానీ చెట్టంటే రకూన్‌కి మెట్ల దారి. ర్యాట్ స్నేక్‌కి కూడా అంతే. మన జెర్రిపోతు వరసకు చెందిన ఈ పాము ఆరడుగుల దాకా పెరుగుతుంది, గరుకు బెరడు పట్టుకుని నిట్టనిలువుగా పాకుతుంది. తొర్రలైతే అడవంతా చెదిరి ఉంటాయి, ఒకటి దొరికినా ఇంకోటి వెతుక్కోవాలి. పెట్టెలన్నీ ఒకే ఆకారం, ఒకే ఎత్తు. ఒకసారి ఒకదాంట్లో గుడ్లు తిన్న రకూన్ వరసగా అన్నిటి దగ్గరికీ వెళ్తుంది.

కాబట్టి నున్నటి ఇనుప గొట్టం కావాలి, గొట్టానికి రేకు కాపలా కావాలి. ఎక్కువగా వాడేది మూడడుగుల వ్యాసం ఉన్న గాల్వనైజ్డ్ రేకుని శంకువులా చుట్టి, వెడల్పు వైపు కిందికి వచ్చేలా పెట్టె కింద బిగించడం. పైకెక్కే జంతువు దాని లోపలికి వెళ్లి ఆగిపోతుంది. గొట్టానికీ రేకుకీ మధ్య సందు లేకుండా చూసుకోవాలి, వేలు దూరేంత సందున్నా పాము దూరుతుంది. రెండో పద్ధతి, ఎనిమిదంగుళాల వెడల్పున్న రేకు గొట్టాన్ని మూడు నాలుగు అడుగుల పొడుగున తొడుగులా వేలాడదీసి పైన జాలీతో మూసెయ్యడం. గొట్టానికి గ్రీజు రాసేవాళ్లున్నారు. ఎండకు కారిపోతుంది, ఈకలకు అంటితే పక్షి ప్రాణం మీదికొస్తుంది. ఆ పని చెయ్యొద్దు. రేకు కొనడానికి డబ్బు లేకపోతే ఆ ఏడాదికి పెట్టె ఆపుకోవడమే నయం. కాపలా లేకుండా పెట్టడం కన్నా పెట్టకపోవడం మంచిది.

గొట్టం నీళ్లలో ఉంటే మంచిది. వరద మట్టం కన్నా పెట్టె అడుగు నాలుగడుగులైనా ఎత్తుండాలి. గట్టు మీదైతే ఆరడుగులకు తగ్గకూడదు. దగ్గర్లో కొమ్మలు ఉండకూడదు, లేకపోతే రేకుతో పని లేకుండా పైనుంచే దూకుతాయి. కన్నం నీళ్ల వైపు చూడాలి, పెట్టె ఒక వెంట్రుకవాసి ముందుకు వాలాలి. మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి చలి రాష్ట్రాల్లో ఈ పని జనవరిలో పెట్టుకుంటారు. చెరువు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నడిచే వెళ్లి, మంచుకి కన్నం వేసి గొట్టం దించేస్తారు, పడవ అక్కర్లేదు. దక్షిణాదిలో జనవరి చివరికే ఆడపిట్టలు గూళ్లు వెతకడం మొదలెడతాయి, అంతకు ముందే పెట్టె సిద్ధంగా ఉండాలి.

ఈ కొలతలన్నిటికన్నా పెద్ద ప్రశ్న, పిల్లలు దిగాక ఎక్కడ దాక్కుంటాయన్నది. మొదటి రెండు వారాల్లోనే సగానికి పైగా పిల్లలు చచ్చిపోతాయి. కింద స్నాపింగ్ తాబేళ్లు, పెద్ద చేపలు, పక్కన మింక్‌లు, పైన గద్దలు. నీళ్ల మీదికి వంగిన పొదలు, ఒరిగిన దుంగలు, ఒత్తుగా ఎదిగిన నీటి మొక్కలు ఉన్నచోట కొన్నయినా బతుకుతాయి. వాటి తిండి కూడా అక్కడే ఉంటుంది. చిన్నప్పుడు అవి ప్రధానంగా పురుగులు తింటాయి, సింధూరపు (ఓక్ చెట్టు) గింజలు పెద్దయ్యాకే. మన కాలనీల వెనక వాన నీటి చెరువుల్లో చాలా వాటికి గడ్డి నీటి అంచు దాకా నున్నగా కోసేసి ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, పిల్ల దాక్కోవడానికి ఒక్క ఆకు కూడా ఉండదు. అలాంటి చెరువులో పెట్టె పెట్టాలని సరదా పడేవాళ్లు ముందు హౌసింగ్ అసోసియేషన్ మీటింగ్‌లో ఒక పోరాటం చెయ్యాలి: ఒడ్డు వెంబడి పదడుగుల మేర కొయ్యకుండా వదిలెయ్యమని. పెట్టెకి అనుమతి తేలిగ్గానే ఇస్తారు. గడ్డి దగ్గరే వస్తుంది గొడవంతా.

దూకే రోజు

ఆడపిట్ట రోజుకొకటి చొప్పున పది నుంచి పదిహేను గుడ్లు పెడుతుంది. మీగడ రంగులో ఉంటాయి. పొదగడం పూర్తిగా దాని పనే. మగది ఈ మధ్యలోనే తప్పుకుంటుంది. సుమారు నెల రోజులకు అన్నీ దాదాపు ఒకేసారి పిగులుతాయి.

ఆ రాత్రి పిల్లలు తల్లి కిందే ఆరతాయి. మర్నాడు పొద్దున తల్లి కన్నంలోంచి తల పెట్టి చాలాసేపు అటూ ఇటూ చూస్తుంది. ఏమీ లేదనిపించాక కిందికి దిగి, నీళ్ల మీదో నేల మీదో నిలబడి మెల్లగా, ఆగకుండా పిలుస్తుంది. లోపల గోకుతున్న చప్పుడు వస్తుంది. పిల్లల వేళ్లకు సూదిలాంటి గోళ్లుంటాయి. గరుకు పలకా, రంపపు గాట్లూ పనికొచ్చేది ఇప్పుడే. ఒకటి కన్నం అంచున కనిపిస్తుంది. ఒక్క క్షణం తటపటాయించి, మొలకల్లాంటి రెక్కలు చాపి దూకేస్తుంది. దాని వెనకే రెండోది, మూడోది. కొన్ని నిమిషాల్లో పెట్టె ఖాళీ. నేల మీద పడ్డవి బంతిలా ఓ ఎగురు ఎగిరి లేచి తల్లి వైపు పరిగెడతాయి. అంత తేలికైన ఒళ్లు కాబట్టి, 50 అడుగుల పైనున్న తొర్రలోంచి దూకినా వాటికేం కాదు. తల్లి ముక్కుతో కరుచుకుని మోసుకొస్తుందని పాతకాలం వాళ్లు నమ్మేవారు గానీ, అది ఏ సాయమూ చెయ్యదు. పిలవడం వరకే దాని వంతు.

ఆ రోజు పెట్టె దగ్గరికి వెళ్లి ఫోన్‌తో వీడియో తియ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. దూరం నుంచి తియ్యండి. తల్లి పిలుపు మధ్యలో ఆపేసి ఎగిరిపోతే, దూకినవీ దూకనివీ రెండు ముక్కలుగా విడిపోతాయి.

పెట్టెలు ఎక్కువైతే

ఇక మొదట చెప్పిన చిక్కుముడి. చెరువు నడుమ, అందరికీ కనిపించేలా, పక్కపక్కనే పెట్టెలు పెట్టడం చాలాకాలం మామూలు పద్ధతి. ఒకే గొట్టానికి వీపులు ఆనించి రెండేసి పెట్టేవాళ్లు కూడా. శుభ్రం చెయ్యడానికి సులువు, చూపించుకోవడానికి బాగుంటుంది. అయితే అలాంటి పెట్టెలు తెరిచి చూస్తే కొన్నిట్లో 30 పైచిలుకు గుడ్లు కనిపించేవి. ఒక బాతు అన్ని పెట్టదు, పొదగనూ లేదు. అవి చాలా బాతుల గుడ్లు.

వుడ్ డక్‌లకి పక్క గూట్లో గుడ్లు పెట్టేసి పోయే అలవాటుంది. మన కోకిల కాకి గూట్లో పెట్టినట్టు వేరే జాతి గూటిలో కాదు, తన జాతి గూటిలోనే. లెక్క సులువే: పొదిగే శ్రమ లేకుండా కొన్ని పిల్లలు దక్కుతాయి. వీటి పిల్లలు పుట్టిన మర్నాడే సొంతంగా తింటాయి కాబట్టి, కొన్ని గుడ్లు ఎక్కువైనా ఇంటి బాతుకి పెద్ద నష్టం లేదు. మితిమీరితేనే ముప్పు. అడుగున చేరిన గుడ్లకు వేడి అందదు. కొన్ని ముందు, కొన్ని తర్వాత పెట్టినవి కావడంతో సగం పిగిలి సగం మురిగిపోతాయి. లోపల రెండు ఆడపిట్టలు కొట్టుకుంటే గుడ్లు పగులుతాయి. ఒక్కోసారి అసలు బాతే విసిగి గూడు వదిలేస్తుంది.

అడవిలో ఇది అదుపులో ఉండటానికి కారణం ఉంది. తొర్రలు ఒకదానికొకటి దూరంగా, ఆకుల చాటున ఉంటాయి. గూడున్న బాతు లోపలికి వెళ్లేటప్పుడు చాలా జాగ్రత్తగా, దొంగచాటుగా వెళ్తుంది. కుర్ర ఆడపిట్టలు పెద్దవాటి వెంట తిరుగుతూ అవి ఎక్కడ దూరుతున్నాయో కనిపెడతాయి. మనం నడి చెరువులో, ఎర్రటి ఎండలో వరసగా పెట్టెలు నిలబెడితే దాచుకోవడానికి ఏమీ మిగలదు. ఎవరు ఎందులో దూరినా చెరువంతా చూస్తుంది. దీనికి తోడు, ఆడపిట్టలు తాము పుట్టిన చోటికే తిరిగొస్తాయి. పెట్టెలో పుట్టినవి పెట్టెల దగ్గరికే. ఏడాదికేడాది రద్దీ పెరుగుతుంది.

ఇల్లినాయ్‌లో బ్రాడ్ సెమెల్, పాల్ షెర్మన్, మరో సహచరుడు కలిసి ఈ రెండు రకాల ఏర్పాట్లనూ పోల్చి చూశారు. వాళ్ల వ్యాసం 1988లో కాండర్ అనే పక్షిశాస్త్ర పత్రికలో వచ్చింది. బహిరంగంగా, గుంపుగా ఉన్న పెట్టెల్లో పరాయి గుడ్లు ఎక్కువ, పిగిలేవి తక్కువ. చెట్ల చాటున, ఒంటరిగా పెట్టిన వాటిలో పరిస్థితి మెరుగు. ఈ మాట ఇంకా చాలా చోట్లకి చేరలేదనే చెప్పాలి. ఇప్పటికీ ఉత్సాహవంతులు ఒక వారాంతంలో ఇరవై పెట్టెలు ఒకే చెరువులో పాతేసి ఫొటో దిగుతారు. పెట్టెల సంఖ్య లెక్కపెట్టడం తేలిక, పిల్లల సంఖ్య లెక్కపెట్టాలంటే చలికాలంలో మళ్లీ రావాలి, అదీ కారణం.

పాటించాల్సిందల్లా ఒకటే: ఒక పెట్టె దగ్గర నుంచి ఇంకో పెట్టె కనపడకూడదు. చిన్న చెరువుకి ఒకటి చాలు. రెండోది పెట్టాలంటే మలుపు అవతల, పొదల మాటున. చాటున పెట్టినప్పుడు కొమ్మల మీంచి రకూన్ దూకకుండా చూసుకోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడే షరతులే. చోటు చూసుకుని రాజీ పడటం తప్పదు.

పరాయి గుడ్లు కనిపించాయని తీసి పారెయ్యడం, ఇంకో పెట్టెలో సర్దడం మాత్రం చట్టరీత్యా నేరం. 1918 చట్టం గుడ్లకూ గూళ్లకూ వర్తిస్తుంది. పెట్టెలోకి హుడెడ్ మెర్గాన్సర్ అనే ఇంకో బాతు వచ్చినా, చిన్న గుడ్లగూబ వచ్చినా వాటినీ కదిలించకూడదు, అవీ అర్హులైన అద్దెదారులే. ఈ రక్షణ లేనిది స్టార్లింగ్‌కి. యూరప్ పక్షి అది. 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 60 పక్షుల్ని వదిలారు, మర్నాటి ఏడాది మరికొన్ని. ఇప్పుడు ఖండమంతా ఉన్నాయి, తొర్ర కనిపిస్తే గడ్డి కూరేసి ఆక్రమిస్తాయి. దాని గూడు తీసెయ్యొచ్చు, కాకపోతే మళ్లీ మళ్లీ తీస్తూనే ఉండాలి.

మన చెరువుల్లో కూడా తొర్ర బాతులున్నాయి. కాటన్ టీల్ అనే బుల్లి బాతు తెలంగాణ, ఆంధ్రా చెరువుల్లో తామరాకుల మధ్య తిరుగుతుంటుంది. దాని శాస్త్రీయ నామంలో మన కోరమాండల్ తీరం పేరే ఉంది. అది గుడ్లు పెట్టేది నీటి పక్కనున్న చెట్ల తొర్రల్లోనే. మగవాటికి ముక్కు మీద బొడిపె ఉండే పెద్ద నక్తా బాతు కూడా అంతే. పై కొలతలు చూసి మన చెరువు గట్టున పెట్టె కొట్టెయ్యొచ్చు కదా అనిపించవచ్చు. తొందరపడొద్దు. కన్నం కొలత వేరు, గుడ్ల దొంగలు వేరు. ఇక్కడ ఉడుము, పునుగుపిల్లి, కాకి, ఊరి పిల్లి ఉంటాయి, ఖాళీ కన్నం కనబడితే గోరింకలూ చిలకలూ ముందుగా చేరతాయి. గట్టు మీది ముసలి రావి, మర్రి, మద్ది చెట్లను రోడ్డు వెడల్పు కోసమో చెరువు సుందరీకరణ పేరుతోనో కొట్టకుండా ఆపగలిగితే అది వంద పెట్టెల పెట్టు.

చలికాలంలో తెరిచి చూడటం

పెట్టె పెట్టినవాళ్లకి ఏటా ఒక తప్పనిసరి పని ఉంది: ఆకులు రాలాక తెరిచి చూసి, పాత పొట్టు పారేసి కొత్తది నింపడం. తలుపు తీసే ముందు ఓసారి కొట్టండి, లోపల కందిరీగలు ఉండొచ్చు, ఉడత ఉండొచ్చు.

పాత పొట్టుని చేత్తో కదిలిస్తే ఆ ఏడాది కథ తెలుస్తుంది. నూగు ఈకల మధ్య తోలులా ముడుచుకున్న తెల్లటి పొరలు దొరికితే, పెంకు వాటి నుంచి విడిపోయి చిన్న ముక్కలుగా ఉంటే, పిల్లలు పిగిలి వెళ్లినట్టే. ఆ పొరలు లెక్కపెడితే ఎన్ని పిల్లలో ఇంచుమించు తెలిసిపోతుంది. పెద్ద పెంకు ముక్కలకు పచ్చసొన ఎండి అంటుకుని, పొట్టంతా చిందరవందరగా ఉంటే రకూన్ పని. గూడు చెక్కుచెదరకుండా ఉండి గుడ్లు మాత్రం మాయమైతే పాము, అది గుడ్డుని గుడ్డులాగే మింగుతుంది. గుడ్డుకి గుండ్రటి చిన్న పోటు కనిపిస్తే ఏదో పిట్ట పొడిచినట్టు. పిగలని గుడ్లు గుట్టగా మిగిలితే మీ చెరువులో పెట్టెలు ఎక్కువయ్యాయని అర్థం, ఒకటి రెండు తీసెయ్యాలి.

ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో తారీఖు వేసి రాసుకోవాలి. గుడ్లు రెండేళ్లు వరసగా రకూన్‌కో పాముకో పోతే రేకు మార్చండి, అయినా ఆగకపోతే గొట్టాన్ని వేరే చోటికి తరలించండి. ఇల్లు మారిపోతున్నారనుకోండి, కాలనీలో ఆ బాధ్యత తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఎవరూ లేకపోతే, గుడ్ల కాలం మొదలవకముందే వెళ్లి నాలుగు స్క్రూలు విప్పి పెట్టె దించెయ్యండి. దించే వీలు లేకపోతే కన్నానికి అడ్డంగా ఒక చెక్క ముక్క బిగించెయ్యండి.